జీతం తక్కువ, పైవాళ్ళ తీరు అధ్వాన్నం: అడగడమా, ఫిర్యాదు చెయ్యడమా, వెతుక్కోవడమా? ఏది ముందు?

మూడో_షిఫ్ట్ (ప్రశ్న)

టాక్సిక్ అన్న మాటని ఈ మధ్య ప్రతి చిరాకుకీ వాడేస్తున్నారు కాబట్టి విషయం విడమరిచి రాస్తున్నాను. జీతం మార్కెట్ కంటే బాగా తక్కువ. ఏటా పెంచేది 4 శాతం దాటదు, అదే పనికి కొత్తగా చేరినవాళ్ళకి మాత్రం పాతవాళ్ళ కంటే ఎక్కువిస్తున్నారు. మేనేజర్ పనులన్నీ నోటిమాటగా చెప్తారు, మధ్యలో మార్చేస్తారు, గడువు తప్పాక మీటింగులో అందరి ముందూ "నేనలా చెప్పలేదే" అంటారు. డైరెక్టర్‌కి తెలిసినా పట్టించుకోరు. మనుషులు మానేస్తుంటే వాళ్ళ పని ఉన్నవాళ్ళ నెత్తిన పడుతోంది.

ఎవరినడిగినా సగం మంది "వెంటనే మానెయ్" అంటారు, మిగతా సగం "ఎక్కడైనా ఇంతే" అంటారు. ఈ రెండూ నాకొద్దు. జీతం ముందు అడగాలా, మేనేజర్ సంగతి హెచ్‌ఆర్‌కి ముందు చెప్పాలా, లేక ఏమీ అనకుండా వేరే ఉద్యోగం చూసుకోవాలా? ఏవి రాసి పెట్టుకోవాలి, ఎలా రాసుకోవాలి? దేశం, కంపెనీ పేర్లు అడక్కండి. చట్టం సంగతి విడిగా కనుక్కుంటాను.

---

పే_బ్యాండ్

మీరు ఒకే మూట కట్టినవి నిజానికి మూడు: జీతం, మేనేజర్, పై యాజమాన్యం. ఒక్కోటి ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. జీతాల లెక్క నాకు తెలుసు కాబట్టి దాని వరకే చెప్తాను.

"బాగా తక్కువ" అన్నమాట ఎవరి ముందూ నిలబడదు. ముందు అంకె తేల్చండి. ఏటా 4 శాతం పెంచుతున్నారు, ధరలు 6 శాతం పెరుగుతున్నాయి అనుకోండి. మూడేళ్ళకి 100 ఉన్న జీతం 112.5 అవుతుంది. 100 ఉన్న ఖర్చు 119.1 అవుతుంది. పే స్లిప్‌లో అంకె పెరిగినా, దాంతో కొనగలిగేది 5.5 శాతం తగ్గినట్టు. మీ దగ్గరి ద్రవ్యోల్బణం అంకె వేసుకుని ఇదే లెక్క చెయ్యండి. పెంపు అని వాళ్ళు పిలిచేది నిజంగా పెంపో కోతో తెలిసిపోతుంది.

తర్వాత గంటల లెక్క. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఒప్పందంలో వారానికి 40 గంటలు ఉండి, నిజంగా చేసేది 55 అయితే, గంటకి మీకొచ్చేది రాసుకున్నదాంట్లో 73 శాతమే. ఆ తేడా పూడాలంటే జీతం 37.5 శాతం పెరగాలి. 10 శాతం కోసం పోట్లాడి గెలిచినా ఇంకా నష్టంలోనే ఉంటారు. అందుకే కొందరికి జీతం పెంచమని అడగడం కంటే వారానికి పది గంటల పని తగ్గించమని అడగడమే లాభం. పైగా అది మేనేజర్ స్థాయిలోనే తేలిపోయే విషయం, బడ్జెట్ అక్కర్లేదు.

మూడోది మార్కెట్ లెక్క. ఓ మాదిరి పెద్ద కంపెనీల్లో ప్రతి గ్రేడుకీ ఒక పే బ్యాండ్, అంటే కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అన్న జీతం హద్దు, ఉంటుంది. మీ జీతాన్ని ఆ బ్యాండ్ మధ్య అంకెతో భాగించి వందతో హెచ్చిస్తే వచ్చేదాన్ని కంపా రేషియో అంటారు. బ్యాండ్‌ని సాధారణంగా 80 నుంచి 120 మధ్య ఉండేలా కడతారు. 100 అంటే పని పూర్తిగా వచ్చిన మనిషికి ఇవ్వాలనుకున్న జీతం. మీ పని ఆ స్థాయిలో ఉండి, మీ అంకె 82 దగ్గర ఆగిపోయి ఉంటే మీ వాదన అదే, ఇంకేం అక్కర్లేదు. బ్యాండ్ ఎంతో హెచ్‌ఆర్‌ని నేరుగా అడగొచ్చు. చెప్పకపోతే మీ కంపెనీయే మీలాంటి పోస్టుకి ఇచ్చిన ప్రకటన చూడండి. జీతం రేంజి ప్రకటనలోనే చూపాలని కొన్ని చోట్ల చట్టం ఉంది. వెబ్‌సైట్లలో ఉద్యోగులు రాసుకునే జీతాలు పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి వాటిని అంచనాకే వాడండి. నలుగురు రిక్రూటర్లు ఫోన్ చేసినప్పుడు "ఈ పోస్టుకి బడ్జెట్ ఎంత" అని అడిగితే వచ్చే జవాబు వాటికంటే నమ్మకం.

కొత్తవాళ్ళకి ఎక్కువెందుకు అంటే, అది వేరే డబ్బు. కొత్త నియామకానికి ఆ రోజు మార్కెట్ రేటు చూసి ఇస్తారు. పాతవాళ్ళకి మొత్తం జీతాల మీద ఒక శాతం పక్కన పెట్టి అందులోంచి పంచుతారు. మార్కెట్ ఆ శాతం కంటే వేగంగా పోయినన్నాళ్ళూ పాతవాళ్ళు వెనకబడుతూనే ఉంటారు. ఇందులో మీ మీద కక్ష ఏమీ ఉండక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది అప్రైజల్ మీటింగులో జీతం అడుగుతారు. ఆ సరికి డబ్బు పంచేసి ఉంటారు. మేనేజర్ చేతిలో మీకు చెప్పాల్సిన అంకె తప్ప ఇంకేం ఉండదు. మీ కంపెనీలో వచ్చే ఏడాది బడ్జెట్ ఎప్పుడు ఖరారవుతుందో ఫైనాన్స్ వాళ్ళనో సీనియర్లనో అడిగి తెలుసుకోండి. అప్రైజల్‌కి మూడు నాలుగు నెలల ముందు అడిగితేనే మీ పేరు జాబితాలో ఎక్కుతుంది. ఇంకో దారి, ఏడాది మధ్యలో ఇచ్చే సవరణ. దాన్ని మెరిట్ పెంపు అనకుండా మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అని పేరుపెట్టి అడగండి. చాలా చోట్ల దానికి డబ్బు వేరే పద్దులోంచి వస్తుంది, సంతకం పెట్టేవాళ్ళు కూడా వేరే.

అడిగేటప్పుడు ఒక పేజీ చాలు: గత ఏడాది చేసిన నాలుగు పనులు ఫలితం అంకెతో సహా, చేరాక అదనంగా మీద పడిన బాధ్యతలు, మార్కెట్ రేంజి, మీరు కోరే అంకె. ఇంటి అద్దె, అప్పులు, పిల్లల ఫీజులు అందులో రాయకండి. పక్కవాడి పేరు ఎత్తకండి, ఎత్తితే చర్చ మీ జీతం మీంచి "నీకెవరు చెప్పారు" మీదకి పోతుంది. "వచ్చే సైకిల్‌లో చూద్దాం" అంటే, ఏ నెలలో, ఏ షరతు మీద, ఎంత అన్నది మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చిన హామీ, మేనేజర్ మారిన రోజున మాయం.

---

ఆఖరి_బెంచీ

పైన చెప్పినదంతా సరే గానీ అంతకు ముందు ఒకటి కనుక్కోండి. వెళ్ళిపోయినవాళ్ళ స్థానాలకి కనీసం ప్రకటన ఇచ్చారా? ఇవ్వలేదంటే పై మేనేజ్‌మెంట్ నియామకాలు ఆపేసి ఉంటుంది, అప్పుడు జీతం సవరణకీ డబ్బుండదు. సప్లయర్లకి చెల్లింపులు ఆలస్యం కావడం, ఖర్చుల బిల్లులు నెలల తరబడి పాస్ కాకపోవడం, లైసెన్సులు రెన్యూ చెయ్యకపోవడం కూడా అదే జబ్బు లక్షణాలు. ఇక జీతం పడే తేదీ జరగడం మొదలైతే మాత్రం ఏ లెక్కలూ వద్దు, ఆ వారమే వెతకడం మొదలెట్టండి.

---

మినిట్స్_రాసేవాడు

మేనేజర్ గురించి. దుర్మార్గుడా, చేతకానివాడా, చేతిలో ఏ అధికారమూ లేనివాడా అన్నది ముందు తేల్చుకోవాలి. బయటికి ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. మందు మాత్రం వేరు.

తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. చేతిలో ఉన్న పనులన్నీ వరుసగా రాసి, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుందో పక్కన వేసి, వారంలో మీకున్న గంటలు కింద రాయండి. మీటింగులు, ఫోన్లు, తోటివాళ్ళ సందేహాలు పోగా వారానికి 28 గంటలు మిగిలితే 28 అనే రాయండి, 40 కాదు. పనుల మొత్తం 47 వచ్చిందనుకోండి. "ఈ వారం 28 గంటలకి సరిపోయేవి ఏవో మీరు గుర్తు పెట్టండి, మిగతావి వచ్చే వారానికి జరుపుతాను" అని పంపండి.

కూర్చుని గుర్తులు పెడితే ఆయనకి ప్లానింగ్ రాదు, అంతే. వారంవారం మీరే ఆ పట్టిక పంపుతూ ఉంటే సగం గొడవ తగ్గిపోతుంది. "అన్నీ కావాలి, పైనుంచి ఒత్తిడి" అంటే ఆయన చేతిలో ఏమీ లేదు. అలాంటప్పుడు ఆ పట్టికని ఆయన పైకి తీసుకెళ్ళడానికి వీలుగా తయారుచేసి ఇవ్వండి, ఆయనా ఊపిరి పీల్చుకుంటారు. రాతలో ఏమీ చెప్పకుండా దాటవేసి, తర్వాత పదిమందిలో మిమ్మల్ని నిలదీస్తే మాత్రం దుర్మార్గుడే. ఆయన్ని మార్చే పని పెట్టుకోకండి, మిమ్మల్ని కాపాడుకునే పని చూసుకోండి.

నోటిమాటగా వచ్చిన ప్రతి ముఖ్యమైన పనికీ అదే రోజు మెయిల్ వెళ్ళాలి. ఇలా:

"ఈరోజు మధ్యాహ్నం మనం మాట్లాడుకున్నదాని ప్రకారం: నెలవారీ రిపోర్టు పక్కన పెట్టి, కస్టమర్ డేటా సరిచేసే పని ముందు చేస్తున్నాను. ఇది గురువారం సాయంత్రానికి అవుతుంది. రిపోర్టు వచ్చే మంగళవారానికి జరుగుతుంది. నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే రేపు ఉదయం 11 లోపు చెప్పండి, లేదంటే ఇలాగే ముందుకెళ్తాను."

ఇందులో ఆఖరి వాక్యమే ప్రాణం. ఆయన జవాబు ఇవ్వకపోయినా మీ పని ఆగదు, తర్వాత "నేనలా చెప్పలేదే" అనే వీలూ తగ్గుతుంది. ఎక్కడా నిష్ఠూరం ధ్వనించకూడదు. "మీరు మళ్ళీ మార్చారు కాబట్టి" అని రాశారంటే ఆ మెయిల్ సాక్ష్యంగా పనికిరాదు, దెబ్బలాటగా కనిపిస్తుంది. సీసీలో డైరెక్టర్‌ని పెట్టడం కూడా మొదట్లో వద్దు, అది యుద్ధం ప్రకటించినట్టే. ఆ పనితో నేరుగా సంబంధం ఉన్నవాళ్ళని పెట్టండి చాలు.

అవమానాలూ అరుపులూ ఉంటే వాటికి విడిగా ఒక డైరీ. తేదీ, సమయం, ఎక్కడ, ఎవరెవరున్నారు, అన్న మాటలు యథాతథంగా, ఆ తర్వాత జరిగింది. విశేషణాలు వద్దు. "మేనేజర్ నన్ను ఘోరంగా అవమానించారు" అన్నది ఎందుకూ కొరగాదు. "ఉదయం 10.20, వారపు మీటింగ్, ఆరుగురు ఉన్నారు. 'నీకిచ్చే జీతం దండగ' అన్నారు. రిపోర్టు గడువు శుక్రవారం అని సోమవారం మెయిల్‌లో ఉంది, ఇవాళ బుధవారం" అన్నది పనికొస్తుంది. అదే రోజు రాయాలి. నెల తర్వాత కూర్చుని గుర్తుచేసుకుని రాసినదాన్ని ఎవరైనా తేలిగ్గా కొట్టిపారేస్తారు.

ఎక్కడ రాయాలన్నది ఇంకా ముఖ్యం. కంపెనీ ల్యాప్‌టాప్‌లో వద్దు, మీరు మానేసిన రోజున అది వెళ్ళిపోతుంది. ఆఫీసు మెయిళ్ళని సొంత మెయిల్‌కి ఫార్వర్డ్ చెయ్యడం ఇంకా ప్రమాదం. డేటా బయటికి పోకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్ చాలా కంపెనీల్లో ఉంటుంది, పట్టుబడితే మిమ్మల్ని తీసెయ్యడానికి అదొక్కటే చాలు. అప్పుడు మేనేజర్ తప్పు పక్కకి పోయి మీ తప్పే మిగులుతుంది. సొంత నోట్‌బుక్కులో చేత్తో రాసుకోండి, కస్టమర్ పేర్లూ కంపెనీ లెక్కలూ అందులో ఉండకూడదు. మెయిల్ ఫలానా తేదీన, ఫలానా సబ్జెక్టుతో ఉందని రాసుకుంటే చాలు, అవసరమైతే విచారణలో తీయించవచ్చు. మాటలు రికార్డు చెయ్యడం కొన్ని దేశాల్లో ఒక పక్షం ఒప్పుకుంటే చాలు, కొన్నింట్లో అందరూ ఒప్పుకోవాలి. తెలుసుకోకుండా ఫోన్ ఆన్ చెయ్యకండి.

మీవే అయిన కాగితాలు మాత్రం ఇప్పుడే దాచుకోండి: ఆఫర్ లెటర్, జీతం సవరణ లెటర్లు, పే స్లిప్పులు, అప్రైజల్ కాపీలు, మిగిలిన సెలవుల లెక్క, బోనస్ నిబంధనలు. లాగిన్ పోయాక వీటికోసం బతిమాలాల్సి వస్తుంది.

---

మూడో_షిఫ్ట్

28 గంటల పట్టిక ఈ సోమవారమే పంపుతాను. డైరీలో ఇలాంటివి పోగయ్యాక హెచ్‌ఆర్‌కి చెప్పడం వల్ల లాభం ఉంటుందా? హెచ్‌ఆర్ కంపెనీ మనిషే కదా.

---

కుర్చీ_అవతల

హెచ్‌ఆర్ కంపెనీ మనిషే. అందులో దాపరికం లేదు, జీతమిచ్చేది కంపెనీ. కానీ దాన్నే ఉపయోగించుకోవచ్చు. కంపెనీకి నష్టం అని తోస్తే హెచ్‌ఆర్ కదులుతుంది, మీకు బాధగా ఉందంటే ఓదార్చి పంపిస్తుంది. కాబట్టి ఫిర్యాదు ఏ గదిలో పడుతుందో ముందే చూసుకోవాలి.

వేధింపు, వివక్ష, ఓవర్‌టైమ్ ఎగ్గొట్టడం, దొంగ లెక్కలు రాయించడం, భద్రతా నియమాలు తప్పించడం, ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష తీర్చుకోవడం. ఇవి కంపెనీని కోర్టుకి లాగే విషయాలు. వీటి మీద రాతలో ఫిర్యాదు వస్తే పక్కన పెట్టడం హెచ్‌ఆర్‌కే ప్రమాదం, విచారణ మొదలెట్టాల్సిందే. అదే "మా మేనేజర్‌కి మనుషులతో మాట్లాడటం రాదు, పనులు మారుస్తారు" అంటే అది తీరు గురించిన ఫిర్యాదు. ఆ మాట రెండు రోజుల్లో మేనేజర్ చెవిన పడుతుంది, ఆ తర్వాత మీ రేటింగ్ మీద పడుతుంది. మీరు ప్రశ్నలో రాసినదాంట్లో చాలావరకు ఈ రెండో గదిలోదే. అందుకని ఉత్త మేనేజర్ తీరు మీద, ఒంటరిగా, ఆఫర్ చేతిలో లేకుండా హెచ్‌ఆర్‌కి వెళ్ళమని నేను చెప్పను.

మొదటి గది విషయం ఏదైనా ఉంటే ఇలా రాయండి: కంపెనీ పాలసీలో ఏ నిబంధన, ఏ తేదీల్లో ఏం జరిగింది, ఎవరు చూశారు, మీరు కోరేది ఏమిటి. కోరేది తప్పకుండా ఉండాలి. "చర్య తీసుకోండి" అంటే ఎవరికీ అర్థం కాదు. "రిపోర్టింగ్ మార్చండి" అనో, "ఆ నాలుగు వారాల ఓవర్‌టైమ్ చెల్లించండి" అనో రాయండి. మెయిల్‌లో పంపి అందినట్టు జవాబు తీసుకోండి. ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఎవరి ఫిర్యాదు వాళ్ళు ఇస్తే బరువు ఎక్కువ. అందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెడితే ఎవరో ఒకరు రాయించారన్న ముద్ర పడే అవకాశం ఉంది.

ఇంకోటి, పిప్. ఫిర్యాదు తర్వాతనో, జీతం గట్టిగా అడిగాకనో అకస్మాత్తుగా "పనితీరు మెరుగుపరుచుకునే ప్రణాళిక" అని కాగితం చేతిలో పెడితే కంగారు పడకండి. సాధారణంగా 30, 60 లేదా 90 రోజులు ఇస్తారు. సంతకం పెట్టమంటే "అందినట్టు మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు" అని తేదీతో రాసి పెట్టండి. అందులో లక్ష్యాలు కొలవడానికి వీలుగా లేకపోతే, అంటే "చొరవ పెరగాలి" లాంటివి ఉంటే, ఎలా కొలుస్తారో మెయిల్‌లో అడగండి. వారానికోసారి సమీక్ష పెట్టమని మీరే అడిగి, ప్రతి సమీక్ష తర్వాత పైన చెప్పిన పద్ధతిలో మెయిల్ పంపండి. కొందరు నిజంగానే దీన్లోంచి బయటపడతారు. కానీ చాలా పిప్‌లు సాగనంపడానికి రాసే కాగితాలే, కాబట్టి మొదటి రోజు నుంచే బయట వెతకడం మొదలవ్వాలి.

రేటింగ్ సరిగ్గా రాలేదంటే అన్నిసార్లూ మేనేజర్ని తిట్టుకోకండి కూడా. బెల్ కర్వ్, అంటే ఇంతమందికి పై రేటింగ్, ఇంతమందికి కింది రేటింగ్ అని ముందే కోటా పెట్టే పద్ధతి, ఉన్నచోట ఎవరో ఒకరిని కింద పెట్టక తప్పదు. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని 2013లోనే వదిలేసింది, ఇంకా పట్టుకు వేళ్ళాడే కంపెనీలు బోలెడు. మనుషులు మానేసి చిక్కిపోయిన టీమ్‌లో ఆ కోటా ఇంకా కఠినంగా తగులుతుంది. అయిదుగురిలో ఒకరిని కింద పెట్టాలంటే అయిదుగురూ బాగా చేసినా ఒకరు బలి.

---

తొందరపడకు

కుర్చీ_అవతల గారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. హెచ్‌ఆర్‌కి ముందు డైరెక్టర్‌తో స్కిప్ లెవెల్ మీటింగ్, అంటే మేనేజర్ని దాటి ఆయన పైవాళ్ళతో నేరుగా మాట్లాడటం, ఒకటి ప్రయత్నించాలి. ఆయన పట్టించుకోరని ప్రశ్నలో ఉంది. నిజమే, మేనేజర్ మీద ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ డైరెక్టరే. తన ఎంపిక తప్పని ఒప్పుకోవాల్సి వస్తుంది. అదే మనిషి మాట ఎత్తకుండా పని భాషలో చెప్పి చూడండి: "ఈ మూడు నెలల్లో ప్రాధాన్యాలు మధ్యలో మారడం వల్ల ఇన్ని గంటల పని వృథా అయింది, ఫలానా డెలివరీ రెండు వారాలు జరిగింది. వారానికోసారి ప్రాధాన్యాల జాబితా రాతలో ఉంటే ఇది ఆగుతుంది." డైరెక్టర్‌కి నొప్పి తెలిసేది డెలివరీ దగ్గరే. 15 నిమిషాలు చాలు, ఒకే కోరిక, ఒకే పేజీ.

---

కుర్చీ_అవతల

అలా అయితే సరే. మేనేజర్‌కి తెలియకుండా మాత్రం వెళ్ళకండి. "ఫలానా విషయం మీద డైరెక్టర్ అభిప్రాయం తీసుకుందామనుకుంటున్నాను" అని ఒక ముక్క ముందే చెప్పడం మంచిది.

---

నిద్ర_గంటలు

ఒంటి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నాలుగు ముక్కలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణ జాబితాలో బర్నౌట్‌ని జబ్బు కింద పెట్టలేదు, పనికి సంబంధించిన స్థితి కింద పెట్టింది. మూడు గుర్తులు చెప్పింది: శక్తి పూర్తిగా హరించుకుపోవడం, పని మీద ఏవగింపు లేదా దూరం పెరగడం, చేసే పనిలో సామర్థ్యం తగ్గినట్టుండటం. అలసట ఒక్కటే ఉంటే సెలవు పెట్టి పడుకుంటే తగ్గొచ్చు. మూడూ కలిసి ఉంటే, వారం సెలవు తర్వాత మొదటి రోజు మధ్యాహ్నానికే మళ్ళీ అదే స్థితి. కారణం ఆఫీసులో అలాగే ఉంది కదా.

నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఆఫీసుకి బయలుదేరే ముందు కడుపులో తిప్పడం ఉంటే డాక్టర్‌కి చూపించండి. ముందు వేరే జబ్బు ఏదీ కాదని తేలాలి. రెండోది, డాక్టర్ రాసిన కాగితం ఉంటే మెడికల్ లీవ్ అడగడం తేలిక, ఆ సెలవులో ప్రశాంతంగా ఇంటర్వ్యూలకి తయారు కావచ్చు అనుకోకండి మాత్రం, ముందు నిద్రపోండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇవన్నీ పక్కన పెట్టి అదే రోజు ఇంట్లోవాళ్ళకీ డాక్టర్‌కీ చెప్పాలి. ఏ ఉద్యోగానికీ అంత విలువ లేదు.

---

ఆఫర్_చేతికొచ్చాకే

"ఎక్కడైనా ఇంతే" అన్నవాళ్ళకి ఒక అంకె. 2022 మొదట్లో ఎమ్‌ఐటీ స్లోన్ మేనేజ్‌మెంట్ రివ్యూలో వచ్చిన విశ్లేషణలో, తమ రంగంలోని ఇతర కంపెనీల కంటే ఏ కంపెనీలోంచి జనం ఎక్కువగా వెళ్ళిపోతారన్నది పట్టివ్వడంలో టాక్సిక్ కల్చర్ జీతం కంటే 10.4 రెట్లు బలంగా పనిచేసింది. అన్ని చోట్లా ఒకేలా ఉంటే ఆ తేడా వచ్చేదే కాదు. అయితే చూడకుండా దూకితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. చూసి దూకాలి.

వెతకడం ఉద్యోగంలో ఉండగానే. లింక్డ్‌ఇన్‌లో "ఓపెన్ టు వర్క్" పెట్టేటప్పుడు రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా ఎంచుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకి కనిపించకుండా చూస్తామంటారు గానీ పూర్తి గ్యారంటీ ఇవ్వరు. ప్రొఫైల్‌ని ఒకే రోజు కూర్చుని మొత్తం మార్చేస్తే కొలీగ్స్‌కి అనుమానం వస్తుంది, కొంచెం కొంచెంగా మార్చండి. రెజ్యూమె, కాల్స్, మెయిళ్ళు అన్నీ సొంత ఫోన్, సొంత నెట్.

ఇంటర్వ్యూలో "ఎందుకు మారుతున్నారు" అని అడుగుతారు. పాత మేనేజర్ గురించి ఒక్క ముక్క మాట్లాడినా మీకే నష్టం. "ఇక్కడ నా పని ఫలానా దగ్గర ఆగిపోయింది, మీ పోస్టులో ఫలానాది ఉంది" అని రెండు వాక్యాల్లో ముగించండి. ఇక మీరు అడగాల్సినవి, ముఖ్యంగా కాబోయే మేనేజర్ని: ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? ముందున్న మనిషి ఎంతకాలం చేశారు? చివరిసారి టీమ్ గడువు తప్పినప్పుడు ఏం జరిగింది? వారం మధ్యలో కొత్త పని వస్తే ఏది ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు? మంచి మేనేజర్ మూడో ప్రశ్నకి ఒక ఉదాహరణ చెప్తాడు, అందులో తన తప్పు కూడా ఉంటుంది. "మేం గడువులు తప్పం" అన్నారంటే జాగ్రత్త. "మేమంతా ఒకే కుటుంబం" అంటే ఇంకా జాగ్రత్త. టీమ్‌లో ఒకరితో మాట్లాడే వీలు కల్పించమని అడగండి, తప్పించుకుంటే అదే జవాబు.

ఆఫర్ లెటర్‌లో మొత్తం అంకె చూసి మురిసిపోకండి. అందులో ప్రతి నెలా ఖాయంగా వచ్చేది ఎంత, వేరియబుల్ (పనితీరును బట్టి మారే భాగం) ఎంత, ఆ వేరియబుల్ గత రెండేళ్ళలో నిజంగా ఎంత శాతం ఇచ్చారు అన్నది అడగండి. జాయినింగ్ బోనస్‌కి వెనక్కి కట్టే షరతు ఉంటుంది, ఏడాది లోపు మానేస్తే తిరిగివ్వాలి లాంటివి. ప్రొబేషన్‌లో నోటీసు ఎంత, తర్వాత ఎంత, పోటీ కంపెనీలో చేరకూడదన్న నిబంధన ఉందా, ఇవి సంతకం పెట్టకముందే చదవాలి.

ఆఫర్ లేకుండా మానెయ్యాలనుకుంటే కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. ఖర్చంటే ఈ నెల ఖర్చు కాదు. ఏడాదికోసారి వచ్చే ఫీజులు, ప్రీమియంలు పన్నెండుతో భాగించి కలపండి, కంపెనీ కట్టే ఆరోగ్య బీమా పోతుంది కాబట్టి దాన్నీ కలపండి. ఆ అంకెని ఆరుతో హెచ్చించాలి. చాలామందికి అనుకున్నదానికంటే బాగా ఎక్కువ వస్తుంది.

---

మూడో_షిఫ్ట్

వరుస అర్థమైంది: కాగితాలు దాచుకోవడం, పట్టిక, మెయిళ్ళు ఇప్పుడే. జీతం సవరణ బడ్జెట్‌కి ముందు. వెతకడం పక్కనే నడుస్తూ ఉంటుంది. ఇంకొక్క సందేహం. రాజీనామా ఇచ్చాక జీతం పెంచుతాం ఉండమంటే? ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అన్నీ కక్కెయ్యాలా?

---

పే_బ్యాండ్

కౌంటర్ ఆఫర్‌లో ఇచ్చే డబ్బు తరచుగా మీ వచ్చే ఏడాది పెంపులోంచి ముందుగా తీసిందే. వచ్చే అప్రైజల్‌లో "మొన్ననే ఇచ్చాం కదా" అంటారు. మీకున్న ఇబ్బంది ఒక్క జీతమే అయితే, అదీ రాతలో, కొత్త జీతం అమలయ్యే తేదీతో వస్తే, ఆలోచించవచ్చు. మీరు రాసిన మేనేజర్ మాత్రం అదే కుర్చీలో ఉంటాడు, పైగా ఇప్పుడు మీరు వెళ్ళబోయిన మనిషి అని అతనికి తెలుసు.

---

కుర్చీ_అవతల

రాజీనామా లెటర్‌లో మూడే ఉండాలి: రాజీనామా ఇస్తున్నానని, నోటీసు ప్రకారం చివరి తేదీ, పనులు అప్పగిస్తానని. కారణాలు వద్దు. అంగీకరించినట్టు రాతలో తీసుకోండి, చివరి తేదీ అందులో ఉండాలి. అప్పగింతకి ఒక డాక్యుమెంట్ తయారుచేసి, ఎవరికి ఏది అప్పగించారో తేదీలతో మెయిల్ చెయ్యండి. చివరి లెక్క తేల్చేటప్పుడు "పని సరిగ్గా అప్పగించలేదు" అని డబ్బు ఆపేచోట్ల అదే అడ్డం పెట్టుకోవాలి.

ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కక్కెయ్యకండి. అది రహస్యంగా ఉంటుందన్న హామీ సాధారణంగా ఉండదు, రేపు రిఫరెన్సు కోసం ఫోన్ చేసేది ఆ మనుషులకే. ఒకటో రెండో పని పద్ధతి గురించి చెప్పండి: ప్రాధాన్యాలు రాతలో ఉండాలి, ఖాళీ పోస్టులు నింపకుండా పని పంచితే మిగతావాళ్ళూ వెళ్తారు. మిగిలిన సెలవుల డబ్బు, బోనస్, ఖర్చుల బిల్లులు, అనుభవ ధ్రువపత్రం ఏ తేదీకి వస్తాయో మాత్రం అక్కడే అడిగి, సాయంత్రానికి మెయిల్ పెట్టండి.